మేస్త్రి వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “అమ్మా, గీ బండల మీద యాసిడ్ పొయ్యకుండ్రి, ఖరాబైతయ్.”

అవతారిక: నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కొత్త ఇంటి వాకిట్లో బండలు పరిచి, సందుల్లో సిమెంటు నింపి, లెక్క తేల్చుకొని తాపీ కడుక్కునే వేళ మేస్త్రి ఇంటావిడతో చెప్పే మాట ఇది. కర్త ఫలానా అని తేల్చలేం; ప్రతి మేస్త్రీ తనదే అంటాడు. మూలంలో లేనిది రాయనని పట్టుబట్టిన మల్లినాథసూరి మెతుకుసీమలోని కొలిచెలమ వాడు. పొరుగువాడి కట్టుబాటును ఈ వ్యాఖ్య కూడా వీలైనంత వరకు పాటిస్తుంది.

ప్రతిపదార్థం: అమ్మా = ఇంటి యజమాని వినడని తెలిసి, వినేవారిని ఉద్దేశించిన సంబోధన; గీ = ఈ, అనగా ఇప్పుడు పరిచిన; బండల మీద = పలకరాళ్ల మీద; యాసిడ్ = బాత్రూము కోసం కొన్న సీసాలోని హైడ్రోక్లోరిక్ యాసిడ్; పొయ్యకుండ్రి = పోయకండి, నీళ్లు కలిపి కూడా పోయకండి; ఖరాబైతయ్ = మెరుపు పోయి గరుకెక్కుతాయి.

వ్యాఖ్య: వాక్యానికి ప్రాణం ‘గీ’. బండలన్నిటికీ కాదు, ఈ బండలకే నిషేధం. ఈ సీమలో రాయికి కరువా? ఎటు చూసినా గుట్టలే. భువనగిరి కోట ఒకే రాతిగుట్ట మీద నిలిచింది; హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ని మలిచింది పక్కనున్న రాయగిరి రాతితోనే. అయినా వాకిట్లో పరిచేది మాత్రం లారీలో దిగిన తాండూరు బండ, లేదా కలబురగి జిల్లా నుంచి వచ్చిన షాబాద్ బండ.

కారణం పుట్టుకలో ఉంది. గుట్టల గ్రానైటు సుమారు 250 కోట్ల ఏండ్ల కింద భూమి లోపల కరిగిన ముద్దగా ఉండి గడ్డకట్టింది. దాన్ని పలుచని పలకగా తీయాలంటే మిషను కోత తప్పదు. తాండూరు, షాబాద్ బండలు నీటి అడుగున పొర మీద పొరగా పేరుకున్న సున్నపురాయి. గనిలో ఉలి పెట్టి తడితే పొర విడివడి పలక లేస్తుంది. అందుకే చవక. ఆ సున్నం వల్లనే యాసిడ్‌కు లోకువ.

పూర్వపక్షం: “మా అరుగు మీద ఏండ్ల సంది పోస్తున్నం, ఏం గాలేదు” అని కొందరు. సమాధానం: వారి అరుగు గ్రానైటుది. అక్కడ కూడా సందుల్లోని సిమెంటు కరుగుతూనే ఉంటుంది, చూసుకోలేదు. గ్రానైటు దేనికీ లొంగదన్న మాట కూడా నిలవదు. నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడు చేరింది ఆ రాతిలోని ఖనిజాల నుంచే. నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ పటిక, సున్నం వాడి ఆ ఫ్లోరైడును తొలగించే పద్ధతిని రూపొందించి, దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే పెట్టింది. కాకపోతే గ్రానైటు కరగడానికి యుగాలు పట్టింది. సున్నపురాయి మీద యాసిడ్ పడితే నిమిషంలో నురగ.

పరీక్ష: ఏ బండో తెలియకపోతే, మిగిలిన ముక్కను మేకుతో గీకి, ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేయాలి. సన్నని బుడగలు లేస్తే సున్నపురాయి. నకిరేకల్‌లో నిమ్మ మార్కెట్టు, నల్లగొండలో బత్తాయి మార్కెట్టు ఉన్న ప్రాంతం గనక పరీక్షకు కొదవ లేదు, ప్రమాదానికీ లేదు. పాలిష్ బండ మీద నిమ్మచెక్క బోర్లించి మరిచిపోతే గుండ్రని మసక మచ్చ పడుతుంది. తడిగుడ్డ పెట్టగానే మాయమవుతుంది. బండ ఆరగానే మళ్లీ తేలుతుంది. అది మరక కాదు, రాయి తిన్న దెబ్బ.

శంక: ఇంతా తెలిసి యాసిడ్ ఎందుకు పోస్తారు? తెల్ల పొర కోసం. బోరు నీళ్లతో రోజూ కడిగితే నీరు ఆవిరై, అందులోని సున్నం బండ మీద మిగులుతుంది. పొరలోనూ సున్నమే, బండలోనూ సున్నమే. చుట్టమెవరో ఇంటివాడెవరో యాసిడ్‌కు తెలియదు, ఇద్దర్నీ తింటుంది.

విధి: చీపురుతో దుమ్ము ఊడ్చాలి, ఇసుక రేణువులే మెరుపును గీకేస్తాయి. గాఢత లేని సబ్బునీళ్లు, కొబ్బరిపీచు చాలు. కడిగాక నీళ్లు నిలవకుండా తుడవాలి. వానాకాలం పాచికి పీచు బ్రష్షు. ఇనుప బ్రష్షు వద్దు, రాలిన తునకలు తుప్పు మరకలవుతాయి. పైపు కోసం బండలు లేపాల్సి వస్తే అడుగున చాక్‌పీసుతో అంకెలు వేయాలి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఆలంపురానికి తరలించినవారు కూడా ఇలాగే రాళ్లకు అంకెలు వేసి విప్పి, మళ్లీ పేర్చారు.

తాత్పర్యం: అమ్మా, ఇది సున్నపురాయి, దీన్ని నీళ్లతో కడుక్కో, యాసిడ్‌ను బాత్రూము గడప దాటనీయకు.

అలంకారం: పోయవద్దన్న మాటను ‘ఖరాబైతయ్’ అన్న హేతువు సమర్థిస్తోంది గనక కావ్యలింగం.

ప్రాయశ్చిత్తం: ఇప్పటికే పోసినవారు ముందు నీళ్లు ధారాళంగా పారించాలి. పోయిన మెరుపు కడిగితే రాదు, పాలిష్ మిషను రావాలి. ఆ మిషనువాడు ముతక రాయి నుంచి నున్న రాయి దాకా వరసగా పట్టి, ఆఖర్న ఒక తెల్లపొడి చల్లుతాడు. అది ఆక్సాలిక్ యాసిడ్! మూలం నిషేధించినదాన్నే శాస్త్రం విధించిందని ఇంటావిడ నిలదీస్తే విరోధాభాసం అని చెప్పాలి. ఆక్సాలిక్ యాసిడ్ సున్నపురాయిలోని కాల్షియంతో కలిసి, నీటిలో కరగని కాల్షియం ఆక్సలేటు పొరగా మారి మీదే నిలుస్తుంది. బాత్రూము యాసిడ్ అదే కాల్షియంను కాల్షియం క్లోరైడుగా మార్చి, కడిగిన నీళ్లతో మోరీలోకి పంపేస్తుంది.