గట్టు మీద ఉత్తరేణిని

నిన్న సాయంత్రం కాలువ గట్టు మీద ఆగి, పంచె అంచుకు పట్టిన ముళ్ళ గింజల్ని ఒక్కొక్కటే పీకి పారేస్తూ మీరు తిట్టిన తిట్టు నాకు వినబడిందండీ. ఆ గింజలు నావే. నన్ను ఉత్తరేణి అంటారు. పంతులుగారు పిలిస్తే అపామార్గం. ఆయన పిలిచేది ఏడాదికోసారే అనుకోండి, వినాయక చవితి నాడు.

ధవళేశ్వరం నుంచి కడియం వైపు వచ్చే కాలువ గట్టు మా ఊరు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేశాక మాకీ గట్లు దొరికాయి. అంతకు ముందు పుంతల్లో బతికేవాళ్ళం. అవతల కడియపులంక నర్సరీలు. దేశదేశాల మొక్కలు అక్కడ కుండీల్లో కులుకుతూ లారీలెక్కి పోతుంటాయి. ఆ కుండీల్లో పొరపాటున నేను మొలిస్తే కూలికొచ్చిన అమ్మాయి రెండు వేళ్ళతో లాగి ఇటు విసిరేస్తుంది. నన్నెవరూ నాటరు, నీళ్ళు పొయ్యరు, కొనరు.

నా పెంపకం గురించి చెప్పడానికేం లేదు. తొలకరికి మొలుస్తాను, నడుమెత్తు పెరుగుతాను, కొసన జానెడు కంకి వేస్తాను. గింజలు దాని మీద తలకిందులుగా వాలి ఉంటాయి, గింజగింజకీ ముల్లు. మిమ్మల్ని విసిగించేది అదే. నా లెక్క వేరు. సంజీవని తేవడానికి హనుమంతుడు కొండదాకా ఎగరాల్సి వచ్చింది. అందరి ఇళ్ళలో హనుమంతుడు ఉండడు కదా అని భగవంతుడు నన్ను నడిచే దారి పక్కనే పెట్టాడు. అదీ చాలదనుకున్నాడేమో, మందు కోసం మీరు రాకపోతే మందే మీ పంచె పట్టుకుని ఇంటికొచ్చేలా గింజకు ముల్లు తొడిగాడు.

అథర్వవేదం నాలుగో కాండలో నన్ను పిలిచి చెప్పిన సూక్తాలున్నాయి. చరకసంహిత సూత్రస్థానంలో రెండో అధ్యాయం పేరే అపామార్గ తండులీయం, అంటే నా గింజలతోనే మొదలు. బుధుడికి హోమం చేస్తే సమిధ నేనే. ఇవి పండితులకు తెలిసిన గొప్పలు. నాకు గుర్తుండిపోయినవి వేరే ఉన్నాయి. వేపకొమ్మ అందని పిల్లలకు నా కాడే పందుంపుల్ల. ఋషిపంచమి నాడు తెల్లారకుండానే అమ్మమ్మలు నా పుల్లలతో పళ్ళు తోముకుని ఈ కాలువలోనే మునిగేవారు. నరకచతుర్దశి తలంట్లకు నా కొమ్మని పిల్లల తల చుట్టూ తిప్పేవారు.

ఒక్క పని మాత్రం నా నోటితోనే చెప్పుకోవాలి. నన్ను వేళ్ళతో సహా ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదని నీళ్ళలో కలిపి, వడగట్టి, ఆ నీటిని ఇగరబెడితే పొడి మిగులుతుంది. అదే క్షారం. నూలుదారానికి జెముడు పాలు పదకొండు పూతలు, ఆ పాలతో పాటు నా క్షారం ఏడు పూతలు, పాలతో పసుపు మూడు పూతలు. మొత్తం ఇరవై ఒకటి. ఈ క్షారసూత్రాన్ని భగందరానికి, అదేనండీ ఫిస్టులాకి, కడతారు. మరుగున పడ్డదాన్ని కాశీ హిందూ విశ్వవిద్యాలయం వైద్యులు మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. భారత వైద్య పరిశోధన మండలి కత్తికీ నా దారానికీ పోటీ పెట్టి, పూర్తిగా గమనించగలిగిన 265 మంది రోగుల లెక్క తీసింది. ఫలితం 1991లో అచ్చయింది. పుండు మానడానికి కత్తికి 4 వారాలు పట్టింది, నాకు 8. నేను నిదానస్తురాలినే, ఒప్పుకుంటాను. జబ్బు తిరగబెట్టింది మాత్రం కత్తి పడ్డవాళ్ళలో నూటికి 11 మందికి, దారం కట్టినవాళ్ళలో నలుగురికి. వినాయకుడి ఇరవై ఒక్క పత్రాల్లో నాది ఏడో చోటు, ఇరవై ఒక్క పూతల్లో నావి ఏడు. ఈ లెక్క ఎవరు వేశారో మీరే చెప్పండి.

అలాగని అన్నిటికీ నన్నే నమ్ముకోకండి. తేలు కుడితే నా వేరు అరగదీసి పట్టువేసేవారు. కోనసీమ ఎర్రతేలు కుడితే మాత్రం నా జోలికి రాకుండా ఆస్పత్రికి పరుగెత్తండి. కడుపుతో ఉన్న పిల్లకి నా వేరు ఇవ్వకండి. నన్ను మొలిపించినవాడే డాక్టరుకి బుద్ధీ ఇచ్చాడు.

చవితికి ముందు రోజు బుట్ట పట్టుకుని పిల్లలు గట్టెక్కేవారు. వెనకాల మామ్మగారు. "ఇదిగో ఉత్తరేణి, అది వావిలి, ఆ ముళ్ళది వాకుడు" అని చూపిస్తూ, ఏది దేనికి మందో ఆవిడే చెప్పేది. ఆ పిల్లలకు ఇప్పుడు మనవలు. ఇప్పుడు పత్రి రాజమండ్రి బజారులో రబ్బరుబ్యాండు వేసిన కట్ట. పోయిన చవితికి నా కొమ్మ ఒకటి అలాంటి కట్టలో ఇరుక్కుంది. పక్కన క్రోటన్ ఆకు. పంతులుగారు అపామార్గ పత్రం అనగానే ఆ ఇంటి అబ్బాయి క్రోటన్ ఆకు వేసి దణ్ణం పెట్టాడు. నా కొమ్మ అడుగున ఉండిపోయింది. మూడో రోజు పత్రినంతా పాలిథిన్ సంచిలో మూటకట్టి కాలువలో వేశారు. సంచి మునగలేదు. నా ముందు నుంచే తేలుకుంటూ పోయింది.

ఈమధ్య గట్టు మీద గడ్డిమందు కొడుతున్నారండీ. పీకేస్తే వేరు ముక్కైనా మిగిలేది, కోసేస్తే మళ్ళీ చిగురించేదాన్ని. మందు పడితే పైనుంచి వేరుదాకా మాడిపోవడమే. భుజాన ట్యాంకు తగిలించుకున్నతను ఇవాళ పొద్దున తూము దాకా కొట్టి ఆగాడు. డబ్బా ఖాళీ అయిందట, రేపొస్తానన్నాడు. నేను తూముకి పదడుగుల ఇవతల ఉన్నాను. కంకి మీద గింజలు ముదిరి ఉన్నాయి. ఈ సాయంత్రం మళ్ళీ ఇటే నడుస్తారు కదా, కాస్త నన్ను రాసుకుంటూ వెళ్ళండి. తిడితే తిట్టండి. ఆ గింజల్ని మాత్రం మీ పెరట్లోకి వెళ్ళాక దులపండి.