పాత బండికి కొత్త రంగు: గ్యారంటీగా చెడిపోయే పద్ధతులు

కోసిగి బస్టాండు దగ్గర ఏ పొద్దున నిలబడ్డా ఏపీ 21 నంబరుతో పాత స్ప్లెండర్ ఒకటి కనబడుతుంది. హీరో హోండా ఈ మోడల్‌ను 1994లో దించింది. కర్నూలు పడమటి పల్లెల్లో దానికి ఇప్పటికీ విశ్రాంతి లేదు. ట్యాంకుకు మోకాళ్లు రాసుకునే చోట రంగు పోయి రేకు తెల్లగా తేలుతుంది. మూత చుట్టూ పెట్రోలు కారిన చారలు, వెనక పాల క్యాన్లు ఒరుసుకున్న గీతలు. ఇంజను మాత్రం గట్టిగానే ఉంటుంది గనక ఓ మంచిరోజు చూసి యజమానికి రంగు మీద మనసు పోతుంది. అలాంటివారి కోసమే ఈ సూచనలు. తు.చ. తప్పకుండా పాటిస్తే వేసిన రంగు వచ్చే దసరా చూడదని హామీ.

ముందు, సొంతంగా వేసుకునేవారికి. ఆదోని పోయి స్ప్రే డబ్బా ఒకటే కొనాలి. 1949లో అమెరికాలో ఎడ్వర్డ్ సీమోర్ అనే పెయింట్ వ్యాపారి తన అల్యూమినియం రంగు ఎలా ఉంటుందో జనానికి చూపించడానికి ఈ డబ్బాను తయారుచేశాడు. నమూనా చూపించడానికి పుట్టిన వస్తువుతో బండి మొత్తం అయిపోవాలని పట్టుబట్టడంలోనే మగతనం ఉంది. డబ్బాలో ఉండేది సుమారు 400 మిల్లీలీటర్లు, అందులో చాలామటుకు గ్యాసూ థిన్నరే అని షాపతను చెప్పినా వినకూడదు.

తర్వాత ముఖ్యమైన మెట్టు: అడుగుపని ఎగ్గొట్టడం. చాదస్తులు ముందు సబ్బునీళ్లతో జిడ్డు కడుగుతారు. 180 నుంచి 320 నంబరు దాకా ఉప్పుకాగితంతో రుద్దుతారు. గుంతలకు లప్పం పెట్టి, ఆరాక మళ్లీ రుద్ది, ప్రైమర్ కొట్టి, 600 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్లు పోస్తూ నున్న చేస్తారు. వేలి కొసకు గీత తగలనిదాకా రంగు మూత తియ్యరు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరు ఇక్కడికి దగ్గరే. అక్కడ పడుగుకు గంజి పట్టించకుండా మగ్గమెక్కించే నేతగాడు కనబడడు. బండికి అంత ఓపిక దేనికి? నిన్న సీటుకు పూసిన మెరుపు పాలిష్ ట్యాంకు మీదా కాస్త అంటి ఉంటే ఇంకా మంచిది. అందులోని సిలికాన్ మీద పడ్డ రంగు చేపకళ్లలా గుంతలు గుంతలుగా విడిపోతుంది. ప్లాస్టిక్ సైడ్ కవర్లకు వేరే ప్రైమర్ ఉంటుందన్న మాట నమ్మకూడదు. మొదటి వాటర్ సర్వీసింగ్‌కే రంగు పొరలు పొరలుగా లేచివస్తుంది, గీకే శ్రమ తప్పుతుంది.

సమయం కూడా చూసుకోవాలి. మే నెల, మిట్టమధ్యాహ్నం, ఆరుబయట. నలభై డిగ్రీలు దాటిన ఎండలో థిన్నర్ దారిలోనే ఆవిరైపోయి రంగు పొడిపొడిగా ట్యాంకు మీద వాలుతుంది. వాలిన రంగుకు పైపొర ముందే గట్టిపడితే లోపల ఇరుక్కున్న థిన్నర్ బుడగలై పొంగుతుంది. వేసవి కుదరకపోతే వానాకాలం ఉంది. గాలిలో తేమకు రంగు మీద తెల్లటి మబ్బు కమ్ముతుంది. పత్తి సీజను మరీ శ్రేష్ఠం: ఆదోనిలో జిన్నింగు మిల్లుల దగ్గర షెడ్డు దొరికితే దూది పోగులు వాటంతటవే వచ్చి అంటుకుంటాయి. డబ్బాను జానెడు దూరంలో పట్టి పలచగా మూడు నాలుగు సార్లు కొట్టడం పిరికివాళ్ల పని. దగ్గరగా పట్టి ఒకేసారి కారేదాకా కొట్టాలి.

ఇంత కష్టం ఎందుకనుకునేవారికి పెయింటర్లు ఉన్నారు. చెడగొట్టే అవకాశాలు అక్కడా తక్కువేం కాదు.

బండిని దసరా ముందురోజు తీసుకుపోవాలి, ఆయుధపూజకు మెరవాలి గనక. ఆ వారమంతా పెయింటర్ తల ఎత్తడని తెలిసినా సరే, “అన్నా, సందేళకల్లా గావాల” అనాలి. తర్వాత రేటు తగ్గించాలి. తగ్గిన ప్రతి వందకూ అడుగున ఒక పొర తగ్గుతుంది, పైకి ఏమీ తెలియదు. ట్యాంకు విప్పనివ్వకుండా పాత పేపర్లు చుట్టించి కొట్టించాలి. ఏ రకం రంగని అసలు అడగకూడదు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు చవక, గంటలో ఆరుతుంది. 1923లో అమెరికాలో ఓక్లాండ్ కార్లకు వేసిన డ్యూకో ఈ జాతిదే, పెయింటర్ల నోట ఆ పేరు ఇంకా నలుగుతూనే ఉంది. పెట్రోలు చుక్క పడితే మాత్రం కరుగుతుంది. గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టే పీయూ (పాలీయూరితేన్) లక్కర్ పెట్రోలుకు తట్టుకుంటుంది, కానీ దాని తుంపరలోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకు చేటు, ఉబ్బసం తెప్పిస్తాయి. 1984లో భోపాల్‌లో లీకైన విషవాయువు వేరే రసాయనమే గానీ ఈ కుటుంబంలోదే. ముక్కుకు తువ్వాలు చుట్టుకున్న పెయింటర్‌ను చూసి జాగ్రత్తపరుడని మెచ్చుకోవాలి. బొగ్గు ఫిల్టరు మాస్కు మాట ఎత్తకూడదు.

షేడ్ గురించి “ఎరుపు” అంటే చాలు. మెటాలిక్ అయితే మరీ మంచిది. అందులోని అల్యూమినియం రేకుల వాటం గన్ ప్రెషర్‌ను బట్టి మారుతుంది కాబట్టి ట్యాంకు ఒక ఎరుపు, సైడ్ కవరు ఇంకో ఎరుపు ఉచితంగా వస్తాయి. ఇక గీతలు. చెన్నైలో బుల్లెట్ ట్యాంకుల మీద బంగారు గీతలను ఒకే కుటుంబానికి చెందిన పెయింటర్లు చేత్తో, బ్రష్షుతో గీస్తూ వచ్చారు. ఇక్కడ ఇన్సులేషన్ టేపు ఉండనే ఉంది. వంకర పోయిన చోట ఉరుకుంద ఈరన్న స్వామి స్టిక్కరు అంటిస్తే ఎవరూ వేలు పెట్టి చూడరు.

రంగు మార్చినా ఆర్.సి.లో పాత రంగే ఉండనివ్వాలి. ఆదోని రవాణా కార్యాలయం దూరం కదా. చివరి జాగ్రత్త ఒకటుంది. హ్యాండిల్ కింద మెడ గొట్టం మీద చెక్కి ఉండే ఛాసిస్ నంబరును కూడా నున్నగా కప్పేయాలి. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ తప్పదు. ఆ రోజు ఇన్‌స్పెక్టర్ అక్కడ కాగితం పెట్టి పెన్సిల్ రుద్దినప్పుడు ఒక్క అంకె కూడా పడకపోతే, ట్యాంకు మీద మిగిల్చిన లప్పమంతా ఎక్కడికి పోయిందో యజమానికి అప్పుడు తెలుస్తుంది.