కింద మూల అంకె

మా వీధిలో ఎవరింటి గోడ మీద కొత్త బొమ్మ కనిపించినా మేం ముందు బొమ్మ చూడం, కింద కుడి మూల చూస్తాం. అక్కడ సంతకం ఉండదు, అంకె ఉంటుంది. 142, 118, 206. 118 అయితే మాస్టారు కులాసాగా ఉన్నారన్నమాట. 206 అయితే అప్పుడు తలెత్తి, బొమ్మలో ఏ స్వీటుందో చూస్తాం.

మాస్టారంటే లెక్కల మాస్టారు. రాజమండ్రిలో 34 ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేనూ ఆయన శిష్యుణ్ణే. ఎనిమిదో తరగతిలో 34 మార్కులు వేసి, ఒక్క మార్కు కలపమంటే "ఎక్కణ్ణుంచి తెచ్చి కలపన్రా?" అన్న మనిషి. రిటైరైన ఏడాదే షుగరు బయటపడింది. ఆ సంగతి ఎవరైనా అడిగితే, "పెన్షనూ షుగరూ ఒకే ఏడు శాంక్షనయ్యాయి" అంటారు.

ఇలాంటివాళ్ళు ఊరికొకరైనా ఉంటారు. మీ ఊరాయన ఫ్లూటు నేర్చుకుంటూ ఉండొచ్చు, మేడ మీద వంకాయలు పండించి ఇంటింటికీ పంచుతూ ఉండొచ్చు. గుర్తుపట్టడం కష్టం కాదు. "బావున్నారా?" అంటే ముందు పరగడుపు అంకె, తర్వాత తిన్నాక అంకె చెప్తారు. అంతా ఓపిగ్గా విన్నవాడి చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపిస్తారు. మా వీధికి దక్కినాయన వాటర్ కలర్స్ వేస్తారు.

ఇదంతా డాక్టరు మాటవరసకి అన్న మాటతో మొదలైంది. మాత్రలు రాసిచ్చి, లేవబోతుంటే, "ఏదైనా హాబీ పెట్టుకోండి మాస్టారూ, మనసు కుదురుగా ఉంటుంది" అన్నాడట. "తిండికి ముందా, తర్వాతా?" అని ఈయన అడిగారు. డాక్టరు నవ్వి "తర్వాతే" అన్నాడు. ఇంటికొచ్చి ఆ చీటీ కిందే సొంత దస్తూరీతో రాసుకున్నారు: "బొమ్మ, రోజుకి 1, టిఫిన్ తర్వాత." తిన్నాక షుగరు చూసుకోవాలంటే మొదటి ముద్ద నోట్లో పెట్టిన దగ్గర్నుంచి సరిగ్గా రెండు గంటలు ఆగాలి. పేపరుకి అరగంట, వాళ్ళావిడ, అంటే మా పిన్నిగారితో, తగువుకి పావుగంట. ఇంకా గంటంబావు మిగులుతుంది. జీవితమంతా పిల్లల చేత ఖాళీలు పూరింపజేసిన మనిషి, తన ఖాళీ చూస్తూ ఊరుకోలేకపోయారు.

వరండాలో ఆయన బల్ల చూసి తీరాలి. ఎడమవైపు గ్లూకోమీటరు, స్ట్రిప్పుల డబ్బా, పొడుచుకునే సూది, దూది. కుడివైపు కుంచెలు, రంగుల ట్యూబులు. రంగులు కలుపుకోవడానికి పాత ఇడ్లీ ప్లేటు. నాలుగు గుంటలకి నాలుగు రంగులు. "నాలుగు ఇడ్లీలు రెండయ్యాయి కదరా, ఈ ప్లేటుకి వేరే ఉద్యోగం చూపించా" అంటారు. వేలు పొడుచుకోవడం ఎప్పుడూ ఎడమ చెయ్యే. అదీ వేలి కొసన మధ్యలో కాదు, పక్కన. అక్కడ నొప్పి తక్కువ. కుడిచేతి వేళ్ళు కుంచె పట్టాలి గనక వాటికి సూది నుంచి పూర్తి మినహాయింపు.

బల్ల మధ్యలో రెండు గ్లాసులు. ఒకదాంట్లో కుంచె కడిగే నీళ్ళు, రెండోదాంట్లో చక్కెర లేని టీ. జరగాల్సింది జరిగింది. నా కళ్ళ ముందే ఒకరోజు ఇటుక రంగు నీళ్ళు గుక్కెడు తాగి, కాసేపు ఆలోచించి, "ఇవాళ టీ కాస్త నయంగా ఉందే" అని లోపలికి కేకేశారు. పిన్నిగారు బయటికొచ్చి, రెండు గ్లాసులూ చూసి, మాట్లాడకుండా లోపలికెళ్ళిపోయారు. ఆ రోజు తగువు పావుగంటలో తేలలేదు.

ఏం బొమ్మలంటారా? తినకూడనివి. "నిషిద్ధాలు" అని ఆ వరసకి పేరు కూడా పెట్టారు. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం మడత కాజా, బంగినపల్లి మామిడి, సున్నుండలు. పూతరేకు వేయడం మహా కష్టమట. నీటి రంగుల్లో తెలుపు వేయరు, కాగితాన్నే తెల్లగా వదిలేయాలి. "వేయకుండా వేయాల్రా! తినకుండా తిన్నట్టు!" అని వివరించారు. మడత కాజా ఇంకో చిక్కు. మడతలు లెక్కపెట్టకుండా ఆయనకి చెయ్యి కదలదు. లెక్కపెట్టాలంటే విప్పాలి. విప్పాక ఏమవుతుందో మీకూ తెలుసు.

మోడల్ లేకుండా వేయనని పట్టుబట్టారు. మూడు పూతరేకులు ప్లేటులో పెట్టుకుని కూర్చుంటారు. బొమ్మలో మూడూ ఉంటాయి, ప్లేటులో రెండే ఉంటాయి. "మోడల్ కదిలింది" అంటారు.

దొరికిపోయింది మామిడికాయల కాలంలో. ఒకరోజు బంగినపల్లి బొమ్మ పూర్తిచేసి, టైముకి వేలు పొడుచుకుంటే మీటరు 380 చూపించింది. ఇల్లంతా గగ్గోలు. ఆటోకి ఒకరు, కొడుక్కి ఫోను చేయడానికి ఒకరు పరిగెత్తారు. పక్కింటి నర్సమ్మాయి వచ్చి, "తాతగారూ, చేతులు సబ్బుతో కడుక్కుని మళ్ళీ చూడండి" అంది. కడుక్కుని చూస్తే 151. వేలికి పండు రసం అంటి ఉంటే మీటరు ఆ తీపిని కూడా లెక్కేస్తుందట. అందరం ఊపిరి పీల్చుకున్నాం. పిన్నిగారొక్కరే పీల్చుకోలేదు.

"అది సరే. బొమ్మేసే మనిషి వేలికి మామిడి రసం ఎలా అంటిందండీ?"

మాస్టారు జీవితంలో జవాబు రాయకుండా వదిలేసిన ప్రశ్న అదొక్కటే.

అలా దొరికినప్పుడల్లా ఆయన సెజాన్‌ని సాక్షిగా పిలుస్తారు. పాల్ సెజాన్, ఫ్రాన్సు చిత్రకారుడు. 1890 ప్రాంతంలో ఆయనకీ షుగరని తేలింది. అయినా ఆపిల్ పండ్లూ, బేరిపండ్లూ, ఏకంగా చక్కెర గిన్నే ముందు పెట్టుకుని బొమ్మలేశాడు. "చక్కెర గిన్నె వేసిన షుగరు పేషెంటు! ఆ గుండె చూశావా?" అని మాస్టారు బల్ల గుద్దారోసారి. పిన్నిగారికి సెజాన్ గురించి అప్పటికే అవసరమైనంత తెలుసు. "ఆయన ఎంత నిదానంగా వేసేవాడంటే పండ్లు కుళ్ళిపోయేవట. మీరు ఏ పండునైనా కుళ్ళనిచ్చారా?" అన్నారు.

శ్రీకాళహస్తి వెళ్ళొచ్చాక ఇంకో ముచ్చట. అక్కడి కలంకారీ నల్లరంగు బెల్లం నీళ్ళలో తుప్పుపట్టిన ఇనుము నానబెట్టి తయారుచేస్తారని కళ్ళారా చూసొచ్చారు. మర్నాడే మేడ మీద కుండ పెట్టి, అందులో మేకులు వేసి, అరకిలో బెల్లం తెప్పించారు. రంగు మాత్రం రాలేదు. కుండలోకి ఎంత బెల్లం వెళ్ళింది, ఎంత వెళ్ళలేదు అన్న విచారణ మాత్రం నెలరోజులు నడిచింది. ఇప్పుడు వాళ్ళింట్లో నలుపు వాడాలంటే ట్యూబు కొనుక్కోవాల్సిందే.

సలహాదార్ల గురించి రెండు ముక్కలు చెప్పాలి. మెంతులు, కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి, సిరిధాన్యాలు... వచ్చినవాళ్ళంతా ఏదో ఒకటి చెప్పిపోతారు. ఒకాయన కుండీతో సహా ఇన్సులిన్ మొక్క తెచ్చిచ్చాడు, రోజుకో ఆకు నమలమని. మాస్టారు దాన్నీ బొమ్మేశారు. "నమిలితే నా షుగరు తగ్గుతుందో లేదో గానీ, నమలకపోతే మొక్క బతకడం ఖాయం" అన్నారు. పొడపత్రి మాత్రం ఒక్కసారి నమిలారు. అది నమిలాక కాసేపు నాలిక్కి తీపి తెలీదు. ఆ సంగతి తెలియక వెంటనే పూతరేకు నోట్లో పెట్టుకున్నారు. "నిజంగానే కాగితం నమిలినట్టుందిరా" అంటుంటే ఆయన మొహంలో దిగులు చూడలేకపోయాను.

ఓ వేసవిలో ఆయన బొమ్మలు ఉన్నట్టుండి అందంగా తయారయ్యాయి. గోదావరంతా మంచు, అవతలి గట్టు లీలగా, పడవలు కరిగిపోతున్నట్టు. వీధంతా మెచ్చుకుంది. నేను కూడా మెచ్చుకుని, ఊరికే అడిగాను: "మే నెలలో మంచేంటండీ మాస్టారూ?"

ఆయన గోదావరి వైపు చూశారు, బొమ్మ వైపు చూశారు. "నాకలాగే కనిపిస్తోందిరా" అన్నారు.

ఆ సాయంత్రమే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. రెటీనా బాగానే ఉంది. షుగరు బాగా పెరిగితే కంట్లో లెన్సు ఉబ్బి చూపు మసకేస్తుందని, అదుపులోకొస్తే సర్దుకుంటుందని చెప్పారు. మూణ్ణెల్ల సగటు చెప్పే రక్తపరీక్ష చేయిస్తే 9.4. ఏడు దాటకూడదని అంతకుముందే డాక్టరు హద్దు గీసి ఉన్నాడు. అప్పటిదాకా కింద మూల వేసిన అంకెలు నిజమేనా అని పిన్నిగారు అడిగితే, "కొన్ని రోజులు మీటరు చూసుకోలేదు, అంచనా వేశాను" అని ఒప్పుకున్నారు. లెక్కల మాస్టారు అంచనా వేశారంటే వీధిలో ఎవరూ నమ్మలేకపోయారు. ఆ మంచు బొమ్మలు మాత్రం ఇప్పటికీ మూడిళ్ళలో ఉన్నాయి. తీసేయమంటే ఎవరూ తీయడం లేదు.

ఇన్సులిన్ అప్పుడే మొదలైంది. నేను భయపడ్డంతగా ఆయన భయపడలేదు. రోజూ ఒకేచోట పొడుచుకోకూడదంటే, పొట్టని గ్రాఫు కాగితంలా నాలుగు పాదాలుగా విడగొట్టుకున్నారు. "ఇవాళ మూడో పాదం" అంటూ లోపలికెళ్తారు. పైగా కొత్త కథానాయకుడు దొరికాడు. ఇన్సులిన్ కనిపెట్టిన కెనడా డాక్టరు ఫ్రెడరిక్ బాంటింగ్ బొమ్మలు వేసేవాడని ఎక్కడో చదివారు. నిజమే. 1921లో టొరంటోలో చార్లెస్ బెస్ట్‌తో కలిసి ఆ పని సాధించి, 1923లో నోబెల్ అందుకుని, 1927లో ఎ.వై. జాక్సన్ అనే చిత్రకారుడి వెంట ఉత్తర ధ్రువ ప్రాంతపు మంచులోకి బొమ్మలేయడానికి వెళ్ళాడాయన. "చూడరా, ఇన్సులిన్ కనిపెట్టినాయన బొమ్మలు వేశాడు. బొమ్మలేసే నేను ఇన్సులిన్ వేసుకుంటున్నాను. రెండు వైపులా సమానం" అన్నారు.

నవంబరు 14న వీధిలో పిల్లల పండగ చేస్తాం. మాస్టారు లేచి, "ఇవాళ నెహ్రూగారిదే కాదర్రా, బాంటింగ్ గారి పుట్టినరోజు కూడా" అని మొదలుపెడతారు. 1891లో పుట్టాడు, ఇన్సులిన్ పేటెంటు ఆయనా తోటివాళ్ళూ యూనివర్సిటీకి తలా ఒక్క డాలరుకి ఇచ్చేశారు, అందుకే ఆ రోజు ప్రపంచమంతా మధుమేహ దినం... పిల్లలు ఆయన సంచీ వైపే చూస్తుంటారు. సంచీలోంచి చాక్లెట్లు రావు, తలా ఒక బొమ్మల పెన్సిలు వస్తుంది. పోయినేడు ఒక బుడంకాయ పెన్సిల్ని నాకి చూశాడు.

ఇంతలో నాకూ మూణ్ణెల్ల సగటు 6.1 వచ్చింది. రిపోర్టు చూపిస్తే, కళ్ళజోడు సవరించుకుని, "పాసూ కాదు, ఫెయిలూ కాదు. సప్లిమెంటరీ" అన్నారు. మర్నాటి నుంచి పొద్దున్నే ఆయనతో గోదావరి గట్టు దాకా నడక. ఆయన కాళ్ళకి డాక్టరు చెప్పిన మెత్తటి ఎంసీఆర్ చెప్పులు, చంకలో అట్ట, నా చేతిలో నీళ్ళ సీసా. దారిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ప్రస్తావన వస్తుంది. "ఈ ఊళ్ళోనే పుట్టి, అంత పనీ చేసి, 28 నిండకుండా 1925లో పోయాడ్రా ఆయన. నేను 61కి కుంచె పట్టా" అని, ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని కాసేపు మాట్లాడరు.

ఒకరోజు ఆర్చి బ్రిడ్జి వేయడానికి కూర్చున్నారు. గోదావరి మీద ఆ రైలు వంతెనకి 28 ఆర్చీలు. మామూలు వాళ్ళయితే ఐదారు వేసి మిగతాది దూరంలో కలిపేస్తారు. ఈయన ఒక్కొక్కటీ లెక్కపెట్టి వేస్తున్నారు. ఇంజెక్షను వేసుకుని, వెలుతురు పోతుందని హడావుడిగా ఒక్క ఇడ్లీ తిని బయల్దేరారని నాకు తెలీదు. 21వ ఆర్చి దగ్గర గీత వణికింది. చూస్తే నుదుటి మీద చెమట బొట్లు, చొక్కా తడిసిపోయింది.

"షుగరు పడిపోతోందిరా. జేబులో గ్లూకోజ్ పొట్లం..." అన్నారు. జేబులో పొట్లం లేదు, రబ్బరు ముక్క ఉంది. మీటరు 58 అంది. అంత వణుకులోనూ ఆయన ఆ అంకె చూసి, "ఫస్టు క్లాసు రెండు మార్కుల్లో పోయింది" అన్నారు.

నేను పరిగెత్తి చెరుకురసం బండివాడి దగ్గర ఒక గ్లాసు పట్టుకొచ్చాను. "ఐసు వేయనా, నిమ్మకాయ పిండనా?" అని అతను అడుగుతుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ. మాస్టారు రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, కళ్ళు మూసుకుని, గుక్కగుక్కకీ ఆగి తాగారు. ఏడేళ్ళయింది ఆయన చెరుకురసం తాగి. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూసుకోవాలి. గడియారం ఆయనే చూశారు. 97.

"ఇంకో గ్లాసు..." అన్నారు మెల్లగా.

"97 వచ్చిందండీ."

"అందుకే అడిగా. డిస్టింక్షన్ కదా."

రెండో గ్లాసు ఇప్పించలేదు. ఎనిమిదో తరగతి 34 మార్కులు నాకింకా గుర్తున్నాయి. ఆటో ఎక్కేముందు అట్ట అడిగి తీసుకుని, కింద కుడి మూల 58 అని వేసి, బొమ్మ నా చేతిలో పెట్టారు. ఇంటికెళ్ళాక ఏం జరిగిందో రాయను. పిన్నిగారు ఇది చదువుతారు.

ఆ బొమ్మ మా హాల్లో ఉంది. మీరెప్పుడైనా వస్తే ఆర్చీలు లెక్కపెట్టండి గానీ, తక్కువున్నాయని పైకి అనకండి. మాస్టారిది పక్క వాటా, గోడలు పల్చన. వింటే మిగతా 7 వేస్తానని కుంచె పట్టుకుని వచ్చేస్తారు. నాకు 21 చాలు.