కామా ఉంటే చాలు, డాక్టరేటే!

థీసిస్ రాసేవాళ్లకు మనవి. కొత్త సంగతి కనిపెట్టలేకపోయినా పరవాలేదు, బ్రాకెట్లు సరిగ్గా పెట్టడం నేర్చుకోండి. వైవాలో పెద్దలు ముందు వెతికేది మీ వాదన కాదు, రచయిత పేరుకూ సంవత్సరానికీ మధ్య కామా.

మూలాలు చూపడానికి వాడే ఏపీఏ పద్ధతి చూడండి. ఇద్దరు రచయితలు బ్రాకెట్లో ఉంటే వాళ్లను '&' గుర్తుతో కలపాలి; వాక్యంలోకి వస్తే 'అండ్' అని అక్షరాల్లో రాయాలి. ముగ్గురి నుంచి ఐదుగురి దాకా ఉంటే మొదటిసారి అందరి పేర్లూ రాయాల్సిందేనంది ఆ నియమాల పుస్తకం ఆరో కూర్పు. 2019లో ఏడో కూర్పు వచ్చి మొదటి పేరు చాలు, మిగతావాళ్లను 'ఎట్ ఆల్'లో తోసెయ్యమంది. పేర్లన్నీ ఓపిగ్గా టైపు చేసిన పిల్ల మళ్లీ కూర్చుని ఓపిగ్గా చెరిపింది. అదీ పరిశోధనే!

ఇంటిపేరు ముందు పెట్టుకునే మనవాళ్లకు ఇంకో సత్కారం ఉంది. గణాంకశాస్త్రాన్ని మలుపు తిప్పిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారి వ్యాసం బ్రాకెట్లో (రావు, 1945). అసలు ఇంటిపేరు గల్లంతు, చివరి రావుకు పట్టాభిషేకం! అదే థీసిస్‌లో ఇంకో రావుగారు తగిలితే, తేడా తెలియడానికి ఇనీషియల్స్ తగిలించమంటుంది నియమం. అలా ఇంటిపేరు పొడి అక్షరమై దొడ్డిదారిన లోపలికొస్తుంది.

మూలం చెప్పొద్దని నేననను. ఎవరి మాట ఎక్కడ దొరికిందో చెప్పడం కనీస మర్యాద. కానీ ఆ మాట నిజంగా అక్కడ ఉందా అని చూసేదెవరు? కామాలూ బ్రాకెట్లూ జొటేరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ క్షణాల్లో సర్దేస్తుంది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటిందో లేదో ఇంకో సాఫ్ట్‌వేర్ లెక్కేస్తుంది. సీనియర్ థీసిస్‌లోంచి 74వ పేజీని 47గా వేసిన అచ్చుతప్పుతో సహా రిఫరెన్స్ ఎత్తుకొస్తే మాత్రం ఏ యంత్రమూ కూయదు. ఫార్మాట్ భేషుగ్గా ఉంది కదా!

దీనికి మందు చిన్నదే. వైవాలో ఏదో ఒక బ్రాకెట్ మీద వేలు పెట్టి, "ఈ పేజీలో ఏముందో చెప్పమ్మా" అని అడిగితే చాలు. కానీ జవాబు తప్పో ఒప్పో తేల్చాలంటే అడిగినాయన కూడా ఆ పుస్తకం చదివుండాలి. అంత కష్టం ఎవరికి కావాలి? అందుకే ఇద్దరికీ కామాయే క్షేమం.