టీపొడి కేకులకు తిరుగులేని చిట్కాలు

టీ రుచితో కప్ కేకులు చేయాలంటే పాలు వేడిచేసి, పొయ్యి కట్టేసి, ఆకు వేసి, మూతపెట్టి ఐదు నిమిషాలు ఊరనివ్వాలని కొందరు చెబుతారు. వినకండి. పొయ్యి కట్టేశాక టీ వేసేవాళ్ళకి టీ గురించి ఏం తెలుసు? గిన్నెడు పాలలో నాలుగు చెంచాల పొడి పోసి, బస్టాండు టీకొట్టాయన కూడా "ఇక చాలండీ" అనేదాకా మరిగించండి. అంతసేపు మరిగితే టానిన్లు దిగి చేదెక్కుతుందట. ఎక్కనీయండి, పంచదార ఉన్నది ఎందుకు? పాలు కొంత ఆవిరై, కొంత ఆకు పీల్చేసుకుని సగానికి వస్తాయి. మళ్ళీ కొలిచి ఆ లోటు పూడ్చాలనేది చాదస్తం.

ఏ టీ వాడాలన్నది పెద్ద చర్చ. కేకులు చేసేవాళ్ళకి ఎర్ల్ గ్రే అంటే మోజు. అది బెర్గమాట్ నూనె వాసన పట్టించిన బ్లాక్ టీ. బెర్గమాట్ నిమ్మజాతి పండు, ఎక్కువగా ఇటలీలోని కలాబ్రియాలో పండుతుంది. అంతదూరం మనకెందుకు? మరుగుతున్న పాలల్లోనే ఓ నిమ్మకాయ పిండేయండి. విరిగితే కంగారు పడకండి, పనీర్ కేకని పేరు మార్చేస్తే సరి.

వెన్న కరిగించి, అందులో ఆకు నానబెట్టి వడకడితే వాసన బాగా పడుతుందని ఇంకో సలహా ఉంది. అసలు వడకట్టడమే దండగ. మన ఇళ్ళలో ఉండేది సీటీసీ పొడి. ఆకును నలిపి, చించి, చుట్టి గుళికలు చేసే ఆ పద్ధతి 1930ల్లో అస్సాంలో మొదలైంది. పంచదారతో పాటు మిక్సీలో వేస్తే ఆ గుళికలు మెత్తగా నలుగుతాయి గానీ, తర్వాత మిక్సీ కడిగేదెవరు? ఉన్నవి ఉన్నట్టే వేయండి. పంటికింద కరకరమంటే గసగసాలనుకుంటారు. పొద్దున వడకట్టిన పిప్పి గులాబీ మొక్కకి వేసే ఇళ్ళలో ఇంకా సుళువు. మొక్కని ఒకరోజు పస్తుంచండి.

ఇక పిండి. మినప్పిండిని ఎంత గిలక్కొడితే గారె అంత గుల్లగా వస్తుందని అమ్మమ్మల కాలం నుంచీ తెలుసు. మైదా మాత్రం దేవలోకం నుంచి దిగిందా? చెయ్యి లాగేదాకా కొట్టండి. మైదాలో గ్లూటెన్ సాగి కేకు రబ్బరులా తయారవుతుందని భయపెడతారు. మంచిదే, తినేవాళ్ళు నములుతున్నంతసేపూ మీకు మాట పడదు.

బేకింగ్ పౌడరు లేదా? అంతే కొలత వంటసోడా వేయండి. దాని పొంగు మూడింతలన్న లెక్కలు మనకొద్దు. సబ్బు రుచి తగులుతుంది, రంగు కూడా నల్లబడుతుంది. రంగు చూపించి, టీ బాగా దిగిందని చెప్పుకోవచ్చు.

1796లో అమెరికాలో అమీలియా సిమన్స్ అనే ఆవిడ తన వంటల పుస్తకంలో చిన్న కప్పుల్లో కాల్చే కేకు గురించి రాసింది. ఆ సంప్రదాయం నిలబెట్టడానికి పెళ్ళిలో వచ్చిన పింగాణీ టీ సెట్టు బయటికి తీయండి. అది ఓవెన్ వేడికి తట్టుకుంటుందో లేదో పెట్టి చూస్తేనే కదా తెలిసేది. మూడింట రెండొంతులే నింపమంటారు. కప్పు ఉన్నది నింపడానికే, గొంతుదాకా పోయండి. ఓవెన్‌ను ముందుగా 180 డిగ్రీలకి వేడిచేసి పెట్టడం ఖాళీ డబ్బాకి కరెంటు ధారపోయడం. లోపల పెట్టాక మాత్రం నిమిషానికోసారి తలుపు తీసి పలకరించండి. పైకి లేస్తున్నది కాస్తా మధ్యలో కుంగిపోతే ఆ గుంటలో క్రీము ఎక్కువ పడుతుంది.

వచ్చినవాళ్ళకి ఇచ్చేముందు మీరు రుచి చూడకండి. ఎవరైనా "ఇంట్లో చేశారా?" అనడిగితే బేకరీ నుంచి తెచ్చామని చెప్పండి. ఏ బేకరీ అని గుచ్చి అడిగితే మీ ఆడపడుచు తెచ్చిందనండి. ఆవిడా అక్కడే కూర్చుని ఉంటే, కరెంటు పోయిందేమో చూసొస్తానని లేవండి.