లాసెట్ మళ్లీ రాయడమెలా? మెట్‌పల్లి విధానం

లాసెట్ రెండోసారి రాయదలచిన మెట్‌పల్లి అభ్యర్థి పుస్తకం తర్వాత తెరవొచ్చు. మొదటిసారి ఏమైందో ఊరికి చెప్పడానికి ముందు ఒక మాట సిద్ధం చేసుకోవాలి. ఫలితాలొచ్చిన మర్నాడు బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే ఎవరో ఒకరు అడగనే అడుగుతారు: "ఏమాయె తమ్మీ, వకీల్ సాబ్ అయినట్టేనా?" దీనికి అనుభవజ్ఞులు వాడే జవాబు ఒకటుంది. "సదివి రాయలేదన్నా, ఎట్లుంటదో సూద్దామని ఊకెనే పొయ్యొచ్చిన." ఈ జవాబుకు కాలదోషం లేదు. మూడోసారి తర్వాత కూడా పనికొస్తుంది.

ఇక పరీక్ష సంగతి. తెలంగాణ ఉన్నత విద్యామండలి తరఫున ఉస్మానియా యూనివర్సిటీ నడిపే ఈ లా ప్రవేశ పరీక్షలో 120 ప్రశ్నలు, 120 మార్కులు, గంటన్నర సమయం. అంటే ప్రశ్నకు 45 సెకన్లు. జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, చట్టం చదవడానికి పనికొస్తాడో లేదో తేల్చే ప్రశ్నలు 60. తప్పు రాస్తే మార్కులు కోయరు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు ఇస్తారు కాబట్టి, కళ్లు మూసుకుని అన్నిటికీ 'బి' నొక్కుకుంటూ పోయినా సగటు లెక్కన ముప్ఫై దాకా రావాలి. చదువుతో అవసరం పడేది మిగిలిన పన్నెండింటికే. 2025లో పరీక్ష రాసినవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది గట్టెక్కారు.

ఇంత ఉదారమైన పరీక్షలో తప్పడానికి సాధన కావాలి. అందుకే మళ్లీ రాసే అభ్యర్థి పాసవడానికి రాస్తున్నానని ఎక్కడా అనకూడదు, "ర్యాంకు కోసం" అనాలి. ఇందులో నిజం లేకపోలేదు. హైదరాబాద్‌లో ఉస్మానియా, హనుమకొండలో కాకతీయ, డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ, వీటి లా కాలేజీల్లో సీటు దక్కాలంటే 42తో పని జరగదు. 42తో వచ్చే కాలేజీకి ఫీజు కట్టాలంటే ఎకరం పసుపు అమ్మాలేమో అని ఇంట్లో నాన్న అంటాడు. ఆయన అతిశయోక్తికి ఆయన్ని వదిలేయడం మంచిది.

పుస్తకాల విషయంలో సూత్రం ఒకటే: కొత్తది కొనకూడదు. పాత గైడు అటక మీద ఎలాగూ ఉంది, మొదటి ఇరవై పేజీల్లో అండర్‌లైన్లు కూడా ఉన్నాయి. అందులో హత్యకు శిక్ష 302, మోసానికి 420. బ్రిటిష్‌వాళ్లు 1860లో రాసిన భారతీయ శిక్షాస్మృతి 2024 జూలై 1న పోయి, దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు 358కి దిగాయి. హత్యకు శిక్ష 103లోకి, మోసం 318లోకి చేరాయి. ఇవన్నీ గైడుకు తెలియవు. గైడుకు తెలియనిది అభ్యర్థికి తెలియాల్సిన పనిలేదు. పైగా ఊరు కూడా గైడు పక్షమే. చిట్టీ ఎగ్గొట్టినవాణ్ణి కోరుట్లలో ఇప్పటికీ ఫోర్‌ట్వంటీ గాడనే తిడతారు. త్రీ ఎయిటీన్ గాడని తిట్టినవాణ్ణి ఇంతవరకు ఎవరూ చూడలేదు.

ఆ గైడు మరీ పాతదైతే ఇంకో సౌకర్యం. అందులో తెలంగాణకు 31 జిల్లాలే. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు పుట్టడం వరకు చెప్పి ఊరుకుంటుంది. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి లెక్క 33 అయిన సంగతి దాని దాకా రాలేదు. సొంత జిల్లా జగిత్యాల పుట్టినరోజు ఒక్కటి గుర్తుంటే ఒక మార్కు వచ్చినట్టేనని అభ్యర్థి ధైర్యం. ఆ ప్రశ్న వస్తే కదా.

కరెంట్ అఫైర్స్‌కు పేపరు చదవడం వృథా ఖర్చు. మెట్‌పల్లిలో ఉంటే వర్తమానం ఇంటి ముందుకే వస్తుంది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీని చూడండి. 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటినుంచి ప్రతి ఎన్నికల సభలోనూ తెరుచుకుంటోంది. పదేళ్లుగా మారని వర్తమాన వ్యవహారం ఇంతకన్నా ఎక్కడ దొరుకుతుంది? పసుపు బోర్డు సంగతి మాత్రం కాస్త జాగ్రత్త. అది "రావాలి" అనే వాక్యంతోనే ఒక తరం అభ్యర్థులు పెరిగారు గానీ, 2025 జనవరి 14న నిజామాబాద్‌లో నిజంగానే మొదలైంది. ఆ బోర్డు కోసం, గిట్టుబాటు ధర కోసం 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. చివరికి బరిలో మిగిలింది 185 మంది. మెట్‌పల్లి ఉన్న కోరుట్ల అసెంబ్లీ స్థానం కూడా ఆ లోక్‌సభ పరిధిలోదే. ఎన్నికల చట్టం మీద ఇంతకన్నా మంచి పాఠం ఏ కోచింగ్ సెంటరూ చెప్పలేదు. అయినా అభ్యర్థి ఆ రోజు ఓటేసి వచ్చి, ప్రజాప్రాతినిధ్య చట్టం ఏ సంవత్సరానిదో గైడులో వెతుక్కున్నాడు. 1951.

చదువుకు కాలం కుదరాలి. జనవరి నుంచి పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం. మార్చిలో మార్కెట్ యార్డు. ఏప్రిల్, మే నెలల్లో పెళ్లిళ్లు, మధ్యలో ఐపీఎల్. దుబాయి నుంచి వచ్చిన బావమరిదిని సాగనంపడానికి శంషాబాద్ ఎయిర్‌పోర్టు దాకా ఒక రోజు. సిరిసిల్ల అభ్యర్థి మరమగ్గాల చప్పుడును సాకుగా వాడుకోవచ్చు, మెట్‌పల్లివాళ్లకు ఆ సౌకర్యం లేదు. పరీక్ష సాధారణంగా మే చివర్లోనో జూన్ మొదట్లోనో ఉంటుంది. అంటే చదవడానికి దొరికేది పరీక్షకు ముందు రాత్రి. ఆ రాత్రి కరెంటు ఉంటే వాట్సాప్ గ్రూపులో పేరుకుపోయిన పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ చేసుకోవాలి. తెరవాలన్న నియమం ఎక్కడా లేదు.

ధైర్యానికి పెద్దల పేర్లు రెండు మూడు దగ్గర పెట్టుకోవడం అవసరం. అందరికీ అచ్చొచ్చే పేరు గాంధీ. లండన్‌లో లా చదువుతూ పక్కన మెట్రిక్యులేషన్‌కు కట్టి, లాటిన్‌లో తప్పి, మళ్లీ రాసి పాసయ్యాడు. 1891 జూన్‌లో బారిస్టరయ్యాడు. తప్పిన సంగతి ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు. ఈ ఉదాహరణ చెప్పేటప్పుడు, రెండోసారి ఆయన లాటిన్ నిజంగానే చదివాడన్న వివరం మింగేయాలి. పాత కరీంనగర్ జిల్లా మంథనికి ఇరవై ఏళ్లు ఎమ్మెల్యేగా ఉన్న పీవీ నరసింహారావు నాగ్‌పూర్ వెళ్లి లా చదివాడు. ఆయన కాలంలో లాసెట్టే లేదు కాబట్టి ఆయన్ని "మొదటిసారే సీటు కొట్టాడు" అనే ఖాతాలో వేసి ఎవరూ బెదిరించలేరు.

వయసు దాటిందని వెక్కిరించేవాళ్లకు బాలగోపాల్ పేరు చాలు. గణితంలో డాక్టరేట్ చేసి, కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పి, నలభై దాటాక నల్లకోటు వేసుకుని పేదల కేసులు వాదించాడు. చట్టం కూడా ముసలి అభ్యర్థికి అనుకూలమే. మూడేళ్ల లా కోర్సుకు 30 ఏళ్ల వయోపరిమితి ఉండాలని బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో రాసింది. అది కోర్టుల్లో నలిగి నలిగి, 2017లో సుప్రీంకోర్టు దగ్గర ఆగిపోయింది. అందుకే లాసెట్ హాల్లో రిటైరైన టీచరు, సస్పెండైన హెడ్ కానిస్టేబులు, పక్కింటివాడితో గెట్టు పంచాయితీ పదేళ్లు నడిపి ఇక తానే వకీలవుదామనుకున్న రైతు పక్కపక్కనే కనిపిస్తారు. ఇద్దరికి సమానంగా మార్కులొస్తే చట్టం విభాగంలో ఎవరికి ఎక్కువో చూస్తారు, తర్వాత కరెంట్ అఫైర్స్. అప్పటికీ తేలకపోతే వయసులో పెద్దవాళ్లకే ముందు. ఏటేటా తప్పుతూ పోవడం వల్ల ఒరిగే లాభం ఇదొక్కటే. అధికారికంగా.

పోల్చుకుని సంతోషించడానికి ఇతరుల కష్టాలూ కొన్ని తెలిసి ఉండాలి. అమెరికాలో న్యూజెర్సీ తెలుగువాళ్ల పిల్లలు రాసే ఎల్‌శాట్‌ను జీవితం మొత్తంలో ఏడుసార్లే రాయనిస్తారు. అందులో స్కోరు 120 దగ్గర మొదలై 180 దగ్గర ఆగుతుంది. అంటే మన లాసెట్ ఎక్కడ ముగుస్తుందో వాళ్లది అక్కడ మొదలవుతుంది. వాళ్లకు ఏడు సార్లు, మనకు ఆయుష్షున్నన్ని సార్లు. ఇక శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీలో చేరాలంటే రాయాల్సిన క్లాట్‌లో తప్పు జవాబుకు పావు మార్కు కోస్తారు. అది ఇంటర్ పిల్లల ఆట. ఒకప్పుడు ఎంసెట్‌కు లాంగ్ టర్మ్ చదివినట్టు దానికీ ఏడాదంతా హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదివేవాళ్లున్నారు. మెట్‌పల్లి అభ్యర్థి అంత దూరం పోనక్కర్లేదు. ఆయనది ఇంటి పట్టునే లాంగ్ టర్మ్.

అయితే క్లాట్ అభ్యర్థుల నుంచి నేర్చుకోదగ్గ విద్య ఒకటుంది. 2018లో పరీక్ష మధ్యలో కంప్యూటర్లు మొరాయించాయని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. నష్టపోయిన సమయానికి లెక్కగట్టి మార్కులు కలిపారు. 2024 డిసెంబరులో జరిగిన పరీక్షకు కీ తప్పని హైకోర్టులకెక్కారు. 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చేదాకా కౌన్సెలింగ్ ఆగింది. లా సీటు రాకముందే లా ప్రాక్టీసు మొదలుపెట్టిన ఘనత వాళ్లది. లాసెట్‌కు కూడా ప్రాథమిక కీ ఇచ్చి అభ్యంతరాలు అడుగుతారు. మన అభ్యర్థి అభ్యంతరాలను చాయ్ హోటల్లో దాఖలు చేస్తాడు.

పరీక్ష రోజు. సెంటరు కరీంనగర్‌లో పడిందనుకుందాం. మెట్‌పల్లి నుంచి కోరుట్ల, జగిత్యాల మీదుగా ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. మొదటి బస్సు వదిలేసి రెండోదానికి పోవడం సంప్రదాయం. దారిలో కొండగట్టు వస్తుంది. బస్సులోంచే అంజన్నకు దండం పెట్టుకోవాలి. నిరుడు దండం మర్చిపోయిన సంగతి గుర్తుకు రావాల్సింది కూడా అక్కడే. తప్పిన కారణాల్లో అది మొదటిది కదా. కంప్యూటర్ ముందు కూర్చున్నాక "మార్క్ ఫర్ రివ్యూ" అనే బటన్ కనిపిస్తుంది. దాన్ని ఉదారంగా వాడాలి. తిరిగి చూడటానికి సమయం ఎలాగూ ఉండదు. తప్పుకు శిక్ష లేదని తెలిసినా, తెలియని ప్రశ్నను ఖాళీగా వదిలేసి రావడం ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం. అలా వదిలేసిన నలభై ప్రశ్నల్లో పది మార్కులు ఉచితంగా పోతాయి. అర్హతకు తక్కువ పడింది ఎనిమిదే అని తర్వాత తెలుస్తుంది.

ఒకవేళ, పొరపాటున, ఈసారి సీటే వస్తే? అప్పుడు కొత్త చిక్కులు. లా డిగ్రీని దూరవిద్యలో చదివితే చెల్లదు. ఒక్కో సబ్జెక్టులో క్లాసులకు 70 శాతం హాజరు కావాలంటాయి బార్ కౌన్సిల్ నిబంధనలు. డిచ్‌పల్లిలో క్లాసు, మెట్‌పల్లిలో కిరాణా కొట్టు, రెండూ ఒకే గంటకు తెరుచుకుంటాయి. మెట్‌పల్లి ఖాదీకి పేరున్న ఊరు, తెల్లచొక్కాకు కొదవలేదు. సీటు రాకముందే కుట్టించిన నల్లకోటు మాత్రం మూడేళ్లలో పొట్ట దగ్గర బిగుతవుతుంది.

మూడేళ్లు గడిచి పట్టా చేతికొచ్చినా పరీక్షల పీడ వదలదు. 2011 నుంచి ఆలిండియా బార్ ఎగ్జామ్ ఒకటి నడుస్తోంది. అది సబబేనని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2023 ఫిబ్రవరిలో తేల్చింది. వంద ప్రశ్నలు, జనరల్ అభ్యర్థులకు 45 శాతం వస్తే చాలు. నోట్సు రాయని బేర్ యాక్టులు హాల్లోకి తీసుకుపోయి చూసుకుని రాయొచ్చు.

తప్పితే, అది కూడా ఎన్నిసార్లయినా రాయొచ్చు.