చారాణాకు జాతర

కురుమూర్తి జాతరకు పోవడానికి ఇప్పుడు ఖర్చేముంది అంటారు. నిజమే. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం వచ్చిన కాడినుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. చంకలో పిల్లలకు ముందునుంచే లేదు. దేవరకద్ర నుంచైనా, ఆత్మకూరు నుంచైనా ఒక తల్లి పసిపిల్లల్ని తీసుకుని రూపాయి తీయకుండా జాతర జరిగే అమ్మాపూర్ గుట్టల కింద దిగొచ్చు. అసలు ఖర్చంతా దిగినంక మొదలవుతుంది. చారాణ కోడికి బారాణ మసాలా అని మన దిక్కు ఊరికే అనలేదు.

మా రోజుల్లో లెక్క తిరగేసి ఉండేది. పోవడమే పెద్ద పని, పోయినంక పిల్లల మీద పెట్టేది ఏమీ లేదు. దీపావళి వెళ్లంగనే ఎడ్లబండ్లు కట్టేవారు. బండిలో గడ్డి పరిచి, దాని మీద గొంగడి వేసి, పిల్లలందరినీ అందులోనే కూర్చోబెట్టేవారు. సద్దిమూటలో జొన్నరొట్టెలు, పల్లీల పొడి. గుట్ట కింద చెట్టు నీడ చూసుకుని ఎడ్లను విప్పి, మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేస్తే అదే ఇల్లు. నీళ్లు కొనుక్కుని తాగే రోజు వస్తుందని ఎవరన్నా చెప్తే మా అమ్మ నమ్మేది కాదు.

దేవుని దర్శనం అయినంక మా నాయన ఒక్కొక్కరి చేతిలో చారాణా పెట్టేవాడు. దానితో జాతరంతా మాదే. ఐదు పైసలకు రాట్నం, ఐదు పైసలకు బుగ్గ, పది పైసలకు ప్యాలాలు పుట్నాలు కలిపిన పొట్లం, చివరి ఐదు పైసలకు ఊరొచ్చే దాకా ఊదే పీక. ఆ చారాణా బిళ్ల 2011 జూన్ 30 నుంచి చెల్లనే చెల్లదని తీసేశారు. తీసేసిందానికి నాకు బాధ లేదు, ధరలు పెరుగుతాయి, ఎవరాపుతారు? కానీ కూలి చేసుకునే మనిషి తన కష్టంలోంచి కొంచెం తీసి పిల్లగాన్ని సంతోషపెట్టే వీలు కూడా దానితోపాటే పోయింది. నా కడుపుమంటంతా దాని గురించే.

ఆ రాట్నానికి చెక్క గుర్రాలు, నడుమ ఒక మొద్దు ఉండేవి. తిప్పేది మనిషే. గిరాకీ లేకుంటే అదే ఐదు పైసలకు ఇంకో నాలుగు చుట్లు ఎక్కువ తిప్పేవాడు. చిన్నోడు భయపడి ఏడిస్తే రాట్నం ఆపి, దించి, తల్లి చేతికిచ్చి, తర్వాత మళ్లీ ఎక్కమనేవాడు. ఇప్పుడు అంతా ఇంజను మీద తిరుగుతుంది. జెయింట్ వీలు, గాలి బుగ్గల మీద ఎగరడం, నీళ్ల తొట్టిలో పడవ, చిన్న రైలు, దేనికదే టికెట్. పెద్దదేదీ వందకు తక్కువ లేదు. పిల్లగాడు సర్దుకుని కూర్చునే లోపలే ఈల ఊది దిగమంటారు.

మొన్నటి జాతరలో రాట్నం కాడ ఒక తల్లిని చూసిన. కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెట్టుకుంటోంది. "అన్నా, చిన్నోన్ని ఒళ్లో కూసోవెట్టుకుంట, పెద్దోనికీ నాకూ కలిపి ఒక్క టికెట్ ఇయ్యి" అని అడిగింది. "కాదక్కా, మనిషికో టికెట్టు. ఒళ్లో కూసున్నా వందే" అన్నాడు. పెద్దోన్ని ఒక్కన్నే ఎక్కించింది. చిన్నోన్ని భుజం మీద వేసుకుని, అన్న ఎటు తిరిగితే అటు తాడు బయటినుంచి తిరుగుతూ చూపించింది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ముగ్గురిని ఎక్కిస్తే ఎండలో మట్టి తవ్విన ఒక దినం కూలి ఐదు నిమిషాల్లో అయిపోతుంది. పుణె, ముంబై పనికి పోయిన మన పాలమూరోళ్లు ఈ జాతర కోసమని ఊరికొస్తారు. వాళ్లు తెచ్చిన పైసలు పోయేది ఇక్కడికే.

రాట్నమోన్ని ఒక్కన్నే తిట్టి లాభం లేదు. లారీ కిరాయి, డీజిలు, కరెంటు వాడికీ ఉన్నాయి. వాటన్నిటికీ మించింది జాగా. గుడి జాతరల్లో కొబ్బరికాయలకు, తలనీలాలకు, బండ్లు నిలిపే చోటుకు, దుకాణాల జాగాలకు వేలంపాట ఉంటుంది. తైబజారు మా రోజుల్లోనూ ఉండేది, గంపకింత అని వసూలు చేసేవారు. ఇప్పుడు పాట లక్షలకు పోతోంది. పోయినేటికంటే ఈ ఏడు పాట ఎక్కువ పలికిందని పేపర్లో గొప్పగా వేస్తారు. ఆ ఎక్కువంతా చివరికి పిల్లల టికెట్ మీదే పడుతుందని మాత్రం ఎవరూ రాయరు. సూర్యాపేట కాడ రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతరైనా, నార్కట్‌పల్లి దగ్గరి చెరువుగట్టు జాతరైనా ఇదే కథ. నల్లగొండలో ఉన్న మా చుట్టాలూ ఇదే మొత్తుకుంటారు.

దేవుడు మాత్రం ఇంకా రేటు పెంచలేదు. చిన్న వడ్డెమాన్‌లో మాదిగ బిడ్డలు నిష్ఠతో కుట్టిన ఉద్దాలు, అంటే స్వామి పాదరక్షలు, ఊరేగింపుగా వస్తుంటే, పిల్లల్ని భుజాలకెత్తుకుని చూపిస్తాం. ఆ ఉద్దాలను తలకు తాకించుకోవడానికి గొప్పోడైనా బీదోడైనా వంగాల్సిందే. ఆత్మకూరు నుంచి స్వామి ఆభరణాలు వచ్చేటప్పుడు చూడటానికీ టికెట్ లేదు. ఆ గుట్ట కిందే పసిపిల్లల దగ్గర ఇంత గుంజడం న్యాయమా?

దేవాదాయ శాఖ అధికారులకు, ఊరి పంచాయతీ పెద్దలకు నా మనవి ఒక్కటే. దీపావళికి ముందు వేలం షరతులు రాసేటప్పుడు పిల్లల ఆటలకు ఇంతకు మించి తీసుకోవద్దని ఒక రేటు రాయండి. ఒళ్లో కూర్చున్న పిల్లలకు టికెట్ వద్దనండి. ఆ రేటు ప్రతి రాట్నం ముందు పెద్ద తెలుగు అక్షరాల్లో బోర్డు మీద ఉండాలి. తాగే నీళ్లు కూడా అక్కడే పెట్టండి. పాట కొంచెం తక్కువ పోయినా దేవుని హుండీకి వచ్చే నష్టమేమీ లేదు.